స్తంభం మీద కొండయ్య

ఎనభై రెండు ఏప్రిల్ నెలలో మా కొండయ్య మామ రెండు వందల పదకొండు గంటలు కరెంటు స్తంభం మీదే ఉన్నాడని సర్కారు కాగితాల్లో రాసి ఉంది. శుభ శుక్రవారం నాడు కూడా, పన్నెండు నుంచి మూడు దాకా, యేసుప్రభువు సిలువ మీద ఉన్న వేళంతా మా మామ స్తంభం మీదే ఉన్నట్టు లెక్క. ఆ లెక్క రాసింది నేనే. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను.

ఆళ్లగడ్డ నుంచి దొర్నిపాడు పోయే దారిలో చింతలకొట్టాల మా ఊరు. ఊరి చివర సబ్‌స్టేషన్, దాని కంచె పక్కనే మా క్వార్టరు. మా నాయన దేవరాజు అక్కడ పెద్ద ఆపరేటరు. నాయనకు ఉన్నవి రెండే గర్వాలు. ఇరవై ఒక్క ఏళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా అందుకోలేదన్నది మొదటిది. నా దస్తూరీ రెండోది. ఆ వేసవికి ఆయన కళ్లకు పొర కమ్మింది. దూరంగా పోయే బస్సు కనిపించేది కానీ చేతిలో కాగితం కనిపించేది కాదు. అందుకని సబ్‌స్టేషన్ కాగితాలన్నీ సాయంత్రం పూట ఇంట్లో నేనే రాసేదాన్ని. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. నంద్యాలలో టైపు లోయరు పాసై వచ్చి, ఉద్యోగం ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నాను.

ఆ మార్చిలో నంద్యాల నుంచి కొత్త ఫారం వచ్చింది. శాసనసభలో ఏదో చట్టం చేశారట. రాష్ట్రంలో ఎక్కడ, ఎన్ని గంటలు, ఎందుకు కరెంటు పోతోందో ప్రతి సబ్‌స్టేషన్ నెలనెలా రాసి పంపాలట. ఆ లెక్కలన్నీ చూసి, వచ్చే ఏడాది ఎక్కడ కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టాలో, ఎక్కడ లైన్లు లాగాలో ముందే ప్లాను వేసి సభ ముందు పెడతారట. నాయన ఆ సర్క్యులర్ను నా చేత రెండుసార్లు చదివించుకుని "మంచి మాటే" అన్నాడు. అని, పాత పద్ధతిలోనే పని మొదలుపెట్టాడు.

పాత పద్ధతి ఏమిటంటే, లైన్ క్లియర్. లైన్‌మన్ స్తంభం ఎక్కి పని చేయాలంటే ముందు ఆపరేటరును అడిగి కరెంటు ఆపించుకుంటాడు. దాన్నే లైన్ క్లియర్ తీసుకోవడం అంటారు. అలా ఆపితే అది పనికోసం మనమే ఆపినట్టు, కరెంటు పోయినట్టు కాదు. అందుకని కరెంటు నిజంగా పోయినప్పుడు కూడా రిజిస్టరులో లైన్ క్లియర్ అని రాసేయడం ఆపరేటర్లకు అలవాటైపోయింది. ఉన్నమాట చెబితే ఊరు అచ్చిరాదు కదా! ఆ ఏడాది మా చుట్టుపక్కల ఎక్కడ చూసినా కొత్త బోర్లు పడ్డాయి. మోటార్లన్నీ ఒక్కసారి తిరిగితే మా సబ్‌స్టేషన్లో ఉన్న ఒక్క ట్రాన్స్‌ఫార్మరు మోయలేక కాగిపోయి పడిపోయేది, అంటే తనంతట తానే ఆగిపోయేది. అది చల్లబడేదాకా పది ఊళ్లు ఉసూరుమంటూ కూర్చునేవి.

ఏప్రిల్ ఒకటో తేదీ సాయంత్రం ఫారం ముందేసుకుని కూర్చున్నాం.

"పొద్దున తొమ్మిదీ పదికి పోయింది, పన్నెండుకు వచ్చింది. కారణం ఏం రాయల్ల నాయనా?"

"లైన్ క్లియర్ అని రాయి."

"ఈ పొద్దు లైన్ క్లియర్ యాడ తీసుకున్నారు? ట్రాన్స్‌ఫార్మరు కాగి పడిపాయ గదా."

"పడిపాయ అని రాస్తే ఎందుకు పడిపాయ అని అడుగుతారు. ఆ పక్కనే, నువ్వేం చేస్తాండావని కూడా అడుగుతారు. నీకెందుకు, రాయి."

"ఈ ఫారంలో ఇంకో గడి ఉండాది. లైన్ క్లియర్ ఎవరు తీసుకున్నారో పేరు రాయాలంట."

నాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "కొండయ్య అని రాయి. ఈడ స్తంభమెక్కేటోడు వాడు కాక ఇంకెవరుండారు?"

కొండయ్య మామ మా నాయన చెల్లెలు ఆదెమ్మత్త భర్త. తొమ్మిదేళ్లుగా దినకూలి లెక్కన లైను పని చేస్తున్నాడు. పర్మినెంటు చేయబోయే వాళ్ల జాబితాలో ఆ ఏడాదే పేరెక్కింది, జూన్‌లో ఆర్డరు రావాలి. అక్షరం ముక్క రాదు. చింతచెట్టయినా కరెంటు స్తంభమైనా కోతిలా ఎక్కుతాడు, దిగి బీడీ ముట్టించి నవ్వుతాడు. ఆదెమ్మత్తది పిండిమిల్లు. మా అమ్మ పోయినప్పటి నుంచి రోజూ సాయంత్రం అత్త ఇంటి నుంచి మాకు ఒక గిన్నెడు కూర వచ్చేది. మా పొయ్యి మీద సంగటి ఒక్కటే ఉడికేది.

శుభ శుక్రవారం నాడు చర్చి కిటకిటలాడుతోంది. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగం. గురువుగారు మొదటి మాట ఎత్తుకున్నారో లేదో పైన ఫ్యాన్లు ఆగిపోయాయి. నా ముందు వరసలో కూర్చున్న కొండయ్య మామ ఠక్కున లేచాడు. నాయన పక్క నుంచి ఆయన భుజం పట్టి కూర్చోబెట్టి, "కూకో. నువ్వు పోయి ఏం చేస్తావు? అది చల్లబడల్ల" అని గుసగుసలాడాడు. ఏడు మాటలూ చెమట్లోనే విన్నాం. ఏడో మాట ముగిశాక, మూడు గంటలకు, ఫ్యాన్లు మళ్లీ తిరిగాయి. ఆడవాళ్లంతా ఒక్కసారి "స్తోత్రం" అన్నారు.

ఆ సాయంత్రం కలం పట్టుకుని ఒక్క క్షణం ఆగాను. "నాయనా, మామ చర్చిలో నా ముందే కూర్చున్నాడు గదా."

"నంద్యాలలో వాళ్లకు తెలుస్తాదా ఏంది?"

రాశాను. మూడు గంటల సేపు స్తంభం మీద మామ, సిలువ మీద ప్రభువు అని తలచుకుంటే నాకు నవ్వొచ్చింది. భయం రావలసింది, రాలేదు.

మే నెల సగం గడిచాక ఒక మధ్యాహ్నం కొండయ్య మామ మా గుమ్మంలోకి వచ్చాడు. ఉతికిన చొక్కా తొడిగాడు, తలకు నూనె పెట్టుకున్నాడు. ఒక చేతిలో బొరుగుల పొట్లం, ఇంకో చేతిలో విప్పని కవరు.

"లూదియా, ఇది చదువమ్మా. మీ అత్త చదువుతానన్యాది గానీ, పైన అడ్రసే ఇంగిలీసంట. పర్మినెంటు ఆర్డరే అయ్యుంటాది. నీ నోటితోనే వినాలని వచ్చినా."

విప్పి లోపల్లోపల చదివాను. మళ్లీ చదివితే మారుతుందేమోనన్నట్టు మళ్లీ చదివాను.

"ఏందమ్మా, ఏముండాది?"

"నీ పేరు మీద ఏప్రిల్లో రెండు వందల పదకొండు గంటల లైన్ క్లియర్ ఉండాదంట మామా. అన్ని గంటలు ఆపినావంటే లైను పని సరిగ్గా చేయలేదని అంటాండారు. జవాబు చెప్పేదాకా పర్మినెంటు లిస్టులో నీ పేరు ఆపినారు. ఇరవై ఎనిమిదో తేదీ నువ్వూ నాయనా నంద్యాలకు రావాలంట."

మామ గడపలోనే కూర్చుండిపోయాడు. "నేనెప్పుడెక్కినానమ్మా అన్ని గంటలు? నెల మొత్తమ్మీద నాలుగు సార్లు ఎక్కింటే ఎక్కువ."

"రాసింది నేనే మామా."

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన నా మొహం చూసి, "నువ్వెందుకు రాస్తావు? మీ నాయన చెప్పింటాడు" అన్నాడు. మళ్లీ తనే, "ఆయనైనా ఏం చేస్తాడు, అందరూ రాసేది అట్లనే గదా" అని లేచి, బొరుగుల పొట్లం నా ముందే వదిలి వెళ్లిపోయాడు. ఆ బొరుగులు నేను తినలేదు, పారేయనూ లేదు.

ఆ సాయంత్రం కూర గిన్నె రాలేదు. నాయన సంగటి ముద్ద ముందు పెట్టుకుని తలుపు వైపు రెండుసార్లు చూశాడు. తర్వాత నంజుకోవడానికి ఉప్పూ ఎర్రగడ్డా అడిగాడు. నేను ఉత్తరం సంగతి చెప్పాను. చెప్పినంతసేపూ ముద్దలో వేలు గుచ్చుతూ కూర్చున్నాడు, తినలేదు.

తెల్లారి ఆదెమ్మత్త వచ్చింది. కనుబొమల మీద ఇంకా జొన్నపిండి ఉంది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అన్నా, మెమో లేని పేరు నిలబెట్టుకోవాలని నా మొగుణ్ణి స్తంభమెక్కిస్తివే. దించేదెప్పుడు?"

"ఆదీ, లోపలికి రా. కూకొని మాట్లాడదాం."

"కూకోను. తొమ్మిదేండ్లు ఎండలో కాలినాడు. ఒక్కనాడు నీ మాటకు ఎదురు చెప్పలా. వానికి చదువు రాదనే గదా వాని పేరు పెడితివి?"

నాయన తల దించుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడని రాయగలను కానీ, ఆ మాటలో సగం నాకూ చెందుతుంది.

"పెట్టినా. తప్పే," అన్నాడు చివరికి. "ఇప్పుడు నిజం చెప్తామన్నా ఎవరు నమ్ముతారు? రిజిస్టరులో కూడా అట్లనే రాసుకుంటిమి. చూపడానికి ఏముండాది?"

"నా గోడ ఉండాది."

గోడలకు చెవులుంటాయంటారు. ఆదెమ్మత్త మిల్లు గోడకు నోరు కూడా ఉంది. మిల్లుకొచ్చే ఆడవాళ్లు గంపలు వరసగా పెట్టి కూర్చుంటారు. కరెంటు పోతే ఇళ్లకు వెళ్లిపోతారు, వచ్చాక పరుగెత్తుకొచ్చి నా వంతంటే నా వంతని జుట్లు పట్టుకుంటారు. ఆ గొడవ పడలేక అత్త, కరెంటు పోగానే మేకుకున్న గడియారం చూసి, తేదీ, పోయిన టైము, వచ్చిన టైము, ఎవరి గంప దగ్గర ఆగిందో బొగ్గుతో గోడ మీద రాసి పెట్టేది. మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివిన చెయ్యి. ఈస్టరుకు ఇల్లంతా సున్నం కొట్టించింది కానీ, ఈ గోడ జోలికి మాత్రం ఎవర్నీ పోనివ్వలేదు.

ముగ్గురం మిల్లుకు నడిచాం. నాయన గోడకు ముక్కు ఆనించేంత దగ్గరగా నిలబడ్డాడు. ఏమీ కనిపించలేదు కాబోలు, నాతో "చదువు" అన్నాడు.

"ఏప్రిల్ ఒకటి. తొమ్మిదీ పది, పన్నెండు. లింగమ్మ గంప."

"ఊఁ."

"రెండు. ఎనిమిదిన్నర, పదకొండు. మళ్లీ రెండు, నాలుగు. ఓబులమ్మ గంప."

"ఊఁ. అది నిజమే, ఆ పొద్దు రెండుసార్లు పడింది."

"తొమ్మిది. పన్నెండూ ఐదు, మూడు. గంప లేదు, చర్చి గడియారం."

నాయన ఆ అంకెల మీద అరచెయ్యి పెట్టాడు. తీసేసరికి చెయ్యి నల్లగా ఉంది. దాన్ని పంచెకు తుడుచుకోకుండా అలాగే ఉంచుకుని, "కొత్త ఫారం తీసుకురా లూదియా. ఈడనే కూకొని రాద్దాం" అన్నాడు.

పొద్దుగూకేదాకా రాశాం. మిల్లు తిరుగుతున్నప్పుడు గొంతు పెంచాడు, ఆగినప్పుడు తగ్గించాడు. కారణం అన్న గడిలో దాదాపు ప్రతి వరసకూ ఒకే మాట: ట్రాన్స్‌ఫార్మరు బరువు మోయలేక పడిపోయినది. లైన్ క్లియర్లు నాలుగే తేలాయి, మామ చెప్పినట్టే. అడుగున నాయన సంతకం పెట్టాడు. గీత కనపడక సంతకం కొండెక్కినట్టు పైకి పోయింది. ఆ సాయంత్రం మా ఇంటికి గోంగూర వచ్చింది, గిన్నె అంచు దాకా. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

ఇరవై ఎనిమిదిన ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కాం. చదివి పెట్టడానికి నేనుండాలని నాయన పట్టుబట్టాడు. మామ కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా స్తంభాలు చూస్తూ, "ఇది వంగింది. దీనికి ఇన్సులేటరు పగిలింది" అని చెబుతూనే ఉన్నాడు. నాయన మాత్రం ఫారాల కట్టను రెండు చేతులా పట్టుకుని, ఎవరో లాక్కుంటారన్నట్టు కూర్చున్నాడు.

ఆఫీసులో ఇంజనీరు శేషయ్య సారు. బట్టతల, పెద్ద గొంతు. మమ్మల్ని చూడగానే మేము పంపిన ఏప్రిల్ ఫారం ఎత్తి చూపించాడు.

"ఈ కొండయ్య ఎవరప్పా? నేను చూడాల. నెలకు రెండు వందల గంటలు స్తంభం మీదుంటే అన్నం తినేకన్నా దిగుతాడా, పైకే పంపిస్తారా?"

గదిలో గుమాస్తాలంతా నవ్వారు. మామ కూడా పెద్దల ముందు నవ్వకపోతే బాగుండదన్నట్టు కొంచెం నవ్వాడు.

నాయన ఒక అడుగు ముందుకు వేశాడు. "వాడు ఎక్కలేదు సార్. నేనెక్కించినా. కరెంటు పోయినప్పుడంతా వాని పేరు రాయించినా. వానికి చదువు రాదు, తెలీదు. రాసింది మా పాప, నేను చెప్తే రాసింది. ఇదో, నిజం లెక్క ఇది."

నవ్వులు ఆగాయి. శేషయ్య సారు మా కొత్త ఫారాలు ఒక్కో పేజీ తిప్పాడు. "టైములు నిమిషాలతో సహా ఉండాయే. ఎవరు రాసుకున్నారు?"

"నా చెల్లెలు సార్. పిండిమిల్లు గోడ మీద."

"గోడ మీదనా?"

"బొగ్గుతో సార్."

ఆయన నమ్మినట్టు లేదు. మా ఊరి లైను మొదలయ్యే పెద్ద స్టేషను రిజిస్టరు తెప్పించాడు. మా దగ్గర బరువు మోయలేక పడిపోతే అక్కడ మీటరు ముల్లు బాగా పైకెక్కి ఒక్కసారి దిగుతుందట, ఆ టైము రాసుకుంటారట; మనమే ఆపితే అట్లా ఎక్కదట. వేలితో వెతికాడు. రెండో తేదీ కలిసింది. ఐదో తేదీ కలిసింది. "తొమ్మిది" అన్నాడు. "గోడ పన్నెండూ ఐదు అంటాంది. వీళ్లు పన్నెండూ ఎనిమిది రాసినారు."

"ఆ మూడు నిమిషాలు వాళ్లదే తప్పయ్యుంటాది సార్," అన్నాడు కొండయ్య మామ. ఆ ఆఫీసులో ఆయన నోరు విప్పడం అదే మొదలు. "మా ఆడది గడియారం కాడ శానా గట్టి."

ఈసారి శేషయ్య సారు నవ్వాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, నాయన వైపు తిరిగాడు. "దేవరాజూ, ఇరవై ఊళ్ల నుంచి ఫారాలొచ్చినాయి. అన్నింట్లోనూ లైన్ క్లియర్లే. అంతా బాగుందని మీరే రాస్తిరి. బాగున్నచోట కొత్త ట్రాన్స్‌ఫార్మరు ఎందుకని పైనోళ్లు అడగరా? ప్లాను వేసేటోనికి మీ ఊర్ల కష్టం యాడ కనపడాల?"

"ఇప్పుడు కనపడతాంది గదా సార్," అన్నాడు నాయన.

"కనపడతాంది. ఇది పైకి పోతాది. కొండయ్య పేరు లిస్టులో పెడతా. కానీ నీకు మెమో ఇయ్యక తప్పదు."

"ఇయ్యండి సార్. చదివేది ఎట్లాగూ మా పాపనే."

తిరుగు బస్సులో నాయన మెమోను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బాధపడుతున్నాడేమోనని నేను తొంగి చూశాను. ఆయన గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. ఆ వేసవి మొత్తంలో ఆయన అంత హాయిగా నిద్రపోవడం నేను చూడలేదు.

మరుసటి ఏడాది ప్లానులో మా సబ్‌స్టేషన్ పేరు చేరింది, రెండో ట్రాన్స్‌ఫార్మరు దిగింది. కానీ నాకు ఇప్పటికీ గుర్తుండేది మేము నంద్యాల పోయొచ్చాక వచ్చిన జూన్ నెలే. ఇక మీదట లైన్ క్లియర్ తీసుకున్నవాడు ఆ గడిలో తానే సంతకం చేయాలని శేషయ్య సారు మా అందరికీ రాసి పంపాడు. వేలిముద్ర చెల్లదన్నాడు. ఆదెమ్మత్త అదే గోడ మీద, మిగిలిన చోట, మామకు బొగ్గు చేతికిచ్చింది. మిల్లుకొచ్చిన ఆడవాళ్లు తమ వంతులు మరిచిపోయి పాఠాలు చెప్పారు. "కొమ్ము కాదు మామా, ఒత్తు" అని ఒకరు, "సున్న కింద పడింది, పైకెత్తు" అని ఇంకొకరు. మూరెడేసి అక్షరాలతో గోడ నిండిపోయింది.

జూన్ మూడో వారంలో తొలివాన పడి వెలిసింది. సబ్‌స్టేషన్ దాటాక నాలుగో స్తంభం మీద కాకి గూడు కట్టింది, తడి పుల్లలు తీగలకు తగులుతున్నాయి. కొండయ్య మామ లైన్ క్లియర్ అడిగాడు. నాయన ఆపాడు. మామ ఎక్కాడు, గూడు చెదరకుండా దించి పక్కన తుమ్మచెట్టు మీద పెట్టాడు, దిగాడు. నలభై నిమిషాలు.

చేతులు కడుక్కుని మా ఇంటికొచ్చాడు. ఫారం ఆయన ముందు పెట్టి గడి చూపించాను.

"పాత కాగితంలో ఆ రెండు వందల గంటలు ఏం చేసినారమ్మా?"

"కొట్టేసినారు మామా."

"అయ్యో, ఆ శుక్రవారం మూడు గంటలన్నా ఉండనియ్యాల్సింది. ప్రభువు కాడ చెప్పుకుంటుంటి," అని నవ్వి, కలం పిడికిట్లో పట్టుకుని వంగాడు.

నాలుక కొరుక్కుంటూ రాశాడు. గోడ మీద నేర్చిన చెయ్యి, గడిలో ఏం ఇముడుతుంది! మొదటి అక్షరమే రెండు గడులు మింగింది. మిగతావి పక్క వరసల్లోకి, నా గుండ్రటి దస్తూరీ మీదికి ఎక్కి పోయాయి. ఫారం పాడైందని నేను నోరు తెరవబోయాను.

నాయన చెయ్యి చాపి కాగితం తీసుకున్నాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని, కొంచెం దూరం జరిపి, మళ్లీ దగ్గరగా తెచ్చాడు. ఆ వేసవి మొదలైనప్పటి నుంచి ఆయన తనంతట తాను ఒక్క అక్షరం చదవలేదు.

"కొండయ్య," అని చదివాడు గట్టిగా.